ఒంటిపూట బడుల రోజుల్లో పసిపిల్లల సంరక్షణ: శ్రీకాకుళం తల్లిదండ్రులకు

అరసవల్లిలో మార్చి రెండో వారంలో ఉదయపు కిరణాలు సూర్యనారాయణస్వామి పాదాలను తాకిన కొద్ది రోజులకే మన ఊళ్ళలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. సాధారణంగా మార్చి 15 ప్రాంతంలో మొదలై ఏప్రిల్ 23 వరకు సాగే ఈ ఐదారు వారాలను చాలామంది తేలికగా తీసుకుంటారు, అసలు ఎండలు వైశాఖంలో కదా అనుకుంటారు. మా ఇంట్లో ఏడేళ్ళ అమ్మాయి, మూడేళ్ళ అబ్బాయి ఉన్నారు. నేను గమనించినంతవరకు వాళ్ళు ఎక్కువగా వాడిపోయేది మే నెలలో కాదు, ఈ తొలి రోజుల్లోనే. శరీరం వేడికి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. పిల్లల శరీర బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ కాబట్టి వారు బయటి వేడిని త్వరగా గ్రహిస్తారు, పెద్దలకు పట్టినంత చెమట వారికి పట్టదు. అందువల్ల ఇంటి దినచర్యను మార్చిలోనే మార్చుకోవాలి.

ఈ బడుల్లో అన్నిటికన్నా కష్టమైనది ఇంటికి తిరిగివచ్చే దారి. ఉదయం 7.45కు మొదలయ్యే బడి సాధారణంగా 12.30కు విడిచిపెడతారు, అంటే సూర్యుడు నడినెత్తిన ఉన్న వేళకు పిల్లలు రోడ్డు మీద ఉంటారు. మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉన్న ఏడాది ఒకరోజు ఇరవై నిమిషాలు ఎండలో నడిచి ఇంటికి వచ్చింది. ఆకలితో ఉంటుందని నేను వెంటనే అన్నం పెట్టాను. నాలుగు ముద్దలు తిని, తలనొప్పి అని పడుకుని, తిన్నదంతా కక్కేసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక క్రమం పాటిస్తున్నాము. బడి విడిచే ముందు సీసా మళ్ళీ నింపుకోవాలని అమ్మాయికి నేర్పాము, ఎందుకంటే ఉదయం ఇచ్చిన నీళ్ళు పదకొండు గంటలకే అయిపోతాయి. తీసుకురావడానికి వెళ్ళేవారు గొడుగు, తడిపి పిండిన చిన్న తువ్వాలు తీసుకువెళతారు. స్కూటరు మీద ముందు నిలబెట్టిన బిడ్డ ముఖానికి వడగాలి నేరుగా తగులుతుంది కాబట్టి వెనుక కూర్చోబెట్టి, తలకు, చెవులకు పలుచని నూలుగుడ్డ చుట్టాలి. కారు ఉన్నవారు కొట్టు దగ్గర ఐదు నిమిషాల పని ఉన్నా, అద్దాలు కొంచెం దించి ఉన్నా, బిడ్డను అందులో విడిచి దిగకూడదు.

ఇల్లు చేరిన తరువాత మొదటి పదిహేను నిమిషాలు అన్నం మాట ఎత్తకూడదు. ఫ్యాను కింద కూర్చోబెట్టి, యూనిఫాం విప్పి పలుచని నూలు బట్టలు వేసి, ముఖం, చేతులు, కాళ్ళు చల్లని నీళ్ళతో కడిగి, నీళ్ళు గుక్కగుక్కగా తాగించాలి. ఎండన పడి వచ్చినవాళ్ళకు వెంటనే నీళ్ళు ఇవ్వకూడదని మా అత్తగారి తరంవారు అంటారు. గటగటా తాగనివ్వకూడదన్నంతవరకు ఆ మాటలో మంచి ఉంది, కానీ దాహంతో ఉన్న బిడ్డకు నీళ్ళు ఆపకూడదు. బిడ్డ ముఖంలో ఎరుపు తగ్గి, మాటల్లో పడిన తరువాత అన్నం పెడితే సుఖంగా తింటుంది.

ఉదయం పూట తిండి విషయంలో మన ఉత్తరాంధ్ర వంటిల్లు ఎవరి దగ్గరా నేర్చుకోనక్కరలేదు. ఒంటిపూట బడికి తెల్లవారుజామునే లేచిన పిల్లలకు ఇడ్లీ, పూరీ ఎక్కవు, చోడి (రాగి) అంబలి మాత్రం ఇట్టే దిగిపోతుంది. రాత్రి అరకప్పు చోడిపిండిని ఒక కప్పు నీటిలో ఉండలు లేకుండా కలిపి మూతపెట్టి ఉంచాలి. ఉదయం మూడు కప్పుల నీళ్ళు మరిగించి, గుప్పెడు నూకలు వేసి మెత్తగా ఉడికిన తరువాత, పులిసిన పిండిని సన్నని ధారగా పోస్తూ అడుగంటకుండా కలుపుతూ, పచ్చివాసన పోయేదాకా పది నిమిషాలు సన్నని సెగ మీద ఉంచాలి. బాగా చల్లారాక మజ్జిగ, ఉప్పు కలిపితే చాలు. మూడేళ్ళ వాడికి పులుపు నచ్చకపోతే పులియబెట్టకుండా అప్పటికప్పుడు కాచి, బెల్లం వేసి ఇవ్వవచ్చు. మిగిలిన అంబలిని ఈ వేడిలో సాయంత్రం దాకా బయట ఉంచి పిల్లలకు పెట్టకూడదు.

చంటిబిడ్డల విషయం వేరు. ఆరు నెలలు నిండని బిడ్డకు ఎంత ఎండాకాలమైనా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కరలేదు, పాలలోనే కావలసినంత నీరు ఉంటుంది. నోరు ఎండిపోతోంది, ఒక చెంచా నీళ్ళు పొయ్యండని పెద్దవాళ్ళు ప్రేమతో చెప్పినప్పుడు వారిని నొప్పించకుండా, బిడ్డను మామూలుకన్నా ఎక్కువసార్లు పాలకు తీసుకుని, ఆ నీళ్ళేవో తల్లి తాగడం మంచిది. చెమటకాయలకు పౌడరు దట్టంగా అద్దితే చెమట రంధ్రాలు మూసుకుంటాయి, పైగా ఆ పొడి బిడ్డ ఊపిరిలోకి పోతుంది. రోజుకు రెండుసార్లు స్నానం చేయించి, మెడ మడతలు, చంకలు మెత్తగా ఒత్తి, వదులుగా నూలుబట్ట వేస్తే అవే తగ్గుతాయి. పొందూరు నూలు పుట్టిన జిల్లాలో ఉండి పసివాళ్ళకు పండుగ పేరున పాలిస్టరు గౌన్లు తొడగడం నాకు బాధగా ఉంటుంది. పాతబడి మెత్తబడిన నూలుచీర చింపి కుట్టిన చొక్కాను మించినది ఈ రెండు నెలల్లో లేదు.

ఇంటిని చల్లబరిచే పద్ధతి మీరు ఉండే చోటును బట్టి మారుతుంది. రాజాం, పాలకొండ, బొబ్బిలి వైపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కిటికీకి తడి గోనెగానీ వట్టివేళ్ళ తడికగానీ కడితే గది నిజంగా చల్లబడుతుంది. కళింగపట్నం, భావనపాడు వంటి సముద్రతీరపు ఊళ్ళలో గాలిలోనే తేమ నిండి ఉంటుంది, అక్కడ తడిగుడ్డలు కడితే ఉక్కపోత ఇంకా పెరుగుతుంది. అటువంటి చోట గాలి ఆడటమే ముఖ్యం. ఎక్కడైనా తూర్పు కిటికీలకు పొద్దునే, పడమటి కిటికీలకు మధ్యాహ్నం తెరలు వేసి, సాయంత్రం చల్లగాలి తిరిగాక అన్నీ తెరవాలి. పొద్దుగూకిన తరువాత డాబా మీద నీళ్ళు చల్లితే రాత్రి పై గది పడుకోవడానికి వీలవుతుంది. డాబా మీదే పడుకునేవారు పిట్టగోడ ఎత్తు చూసుకుని, పిల్లలను పెద్దల మధ్యన దోమతెరలో పడుకోబెట్టాలి. బడి నుంచి వచ్చాక నాలుగు దాకా పిల్లలు ఇంట్లోనే ఉండాలి, నిద్ర పట్టనివారికి వామనగుంటలు, అష్టాచెమ్మా ఉన్నాయి. చింతపిక్కలు మాత్రం మూడేళ్ళ లోపువారి చేతికి అందనివ్వకూడదు, గొంతులో ఇరుక్కుంటాయి.

విరేచనాలు పట్టుకుంటే మొదటి విరేచనం నుంచే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టాలి. పెద్ద పొట్లాన్ని కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో మొత్తం ఒకేసారి కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్ళ లోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపై వయసువారికి 100 నుంచి 200 దాకా చెంచాతోగానీ గ్లాసుతోగానీ పట్టాలి. పొట్లం దొరకని వేళ లీటరు నీటికి ఆరు చదును చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలపవచ్చు. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం కాబట్టి కంటి అంచనాతో వేయకూడదు. మందుల కొట్టులో అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలు దీనికి బదులు కావు, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని పొట్లం మీద ఉందో లేదో చూసి కొనాలి. ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, కళ్ళు లోపలికి పోయినా, ఏడిస్తే కన్నీరు రాకపోయినా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

వడదెబ్బ అంతకన్నా తొందర కలది. ఒళ్ళు కాలిపోతూ, బిడ్డ మత్తుగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, మూర్ఛ వచ్చినా 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు విప్పి, ఒళ్ళంతా నీళ్ళతో తడుపుతూ విసరాలి. స్పృహ సరిగా లేని బిడ్డ నోట్లో నీళ్ళు పోయకూడదు. జ్వరం మందు ఈ వేడిని దించదు.

సెలవులు ఇవ్వగానే పిల్లలతో అమ్మమ్మగారి ఊరికి బయలుదేరుతాము. మా అమ్మగారి ఊరు ఉద్దానంలో ఉంది, తెల్లవారుజాము బస్సెక్కి ఎండ ముదరకముందే చేరతాము. చేరిన అరగంటలో నేను ఇల్లంతా ఒకసారి చుట్టివస్తాను. ముందుగా చూసేది నీళ్ళు. కుళాయి వేళలు కుదరక ఈ కాలంలో తొట్టెలు, డ్రమ్ములు, బకెట్లు నింపి పెడతారు, అప్పుడే నడక నేర్చిన బిడ్డ సగం బకెట్ నీళ్ళలో తలకిందులైనా చప్పుడు వినిపించదు. వాటన్నిటికీ మూతలు పెట్టి, వారానికొకసారి వంచి తోమితే దోమలూ పెరగవు. చెరువుకు, బావికి, ఏటికి పెద్దవాళ్ళు లేకుండా వెళ్ళకూడదన్నది అక్కడి పిల్లలందరితోనూ కలిపి చెబుతాను. నాగావళి, వంశధార ఎండి ఇసుకే కనిపిస్తున్నా, ఇసుక తవ్విన గోతుల్లో మనిషి లోతు నీళ్ళు ఉంటాయి.

తరువాత చూసేది జీడిపిక్కల కుప్ప. జీడిమామిడి పండు తినవచ్చు, కానీ పచ్చి పిక్కను కొరికితే దాని పెంకులోని నూనె పెదవులను, నాలుకను కాల్చి బొబ్బలు తెప్పిస్తుంది. తగిలిన చోట సబ్బుతో, ఎక్కువ నీళ్ళతో కడిగి, ఆ చేతులతో కళ్ళు నలపకుండా చూడాలి. సువర్ణరేఖ మామిడికాయల ముచ్చిక దగ్గర కారే సొన కూడా చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి పండ్లను అరగంట నీళ్ళలో వేసి, తొడిమ వైపు కోసి పారేసి ఇస్తాను. తాటిముంజలు జారుడుగా ఉంటాయి, చిన్నవాడికి ముక్కలు చేసి పెట్టాలి.

చివరిది గాలివాన. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మబ్బు కమ్మి ఈదురుగాలి లేవగానే రాలిన కాయలు ఏరుకోవడానికి ఊళ్ళో పిల్లలంతా తోటలోకి పరుగుతీస్తారు, మనమూ చిన్నప్పుడు అలాగే తీశాము. పిడుగులు ఎక్కువగా పడే ప్రాంతం మనది, వాటికి ఎత్తైన చెట్లే మొదట అందుతాయి. ఉరుము వినిపించిన వెంటనే పిల్లలను పిలిచి పక్కా ఇంట్లోకి చేర్చి, ఆఖరి ఉరుము తరువాత అరగంట దాకా బయటకు పంపకూడదు. ఆ అరగంట గడిచాక బుట్ట తీసుకుని మేమే వాళ్ళతో కలిసి తోటలోకి వెళతాము.