క్యాప్చర్ కార్డు కొత్తది కొనే ముందు: ఏ సమస్యకు ఏది కారణం, ఏం చేయాలి

గేమ్ కన్సోల్ బొమ్మను కంప్యూటర్‌లోకి తెచ్చి రికార్డ్ చేయడానికో, స్ట్రీమ్ చేయడానికో వాడే పరికరమే క్యాప్చర్ కార్డు. కన్సోల్, కార్డు, కంప్యూటర్ అన్నీ కలిపాక తెర నల్లగా ఉంటే, చాలామంది కార్డు పాడైందని తేల్చేసి ఇంకోటి ఆర్డర్ పెట్టేస్తారు. ఆగండి. ఇలాంటివి చాలావరకు సెట్టింగ్స్‌లో సరిపోతాయి. కొన్నిటికి మాత్రం కార్డు మార్చక తప్పదు.

లాప్‌టాప్ హెచ్‌డీఎంఐ పోర్టుకు కన్సోల్ కలిపితే ఏమీ రావడం లేదు

రాదు కూడా. దాదాపు అన్ని లాప్‌టాప్‌లలో ఆ పోర్టు బొమ్మను బయటికి పంపడానికే ఉంటుంది, లోపలికి తీసుకోదు. కేబుల్ మార్చినా, డ్రైవర్లు వేసినా లాభం లేదు. యూఎస్‌బీ క్యాప్చర్ కార్డు కావాలి. డెస్క్‌టాప్‌లో పీసీఐఈ స్లాట్ ఖాళీగా ఉంటే లోపల బిగించే కార్డు కూడా తీసుకోవచ్చు.

టీవీలో గేమ్ కనిపిస్తోంది, స్ట్రీమ్ చేసే ప్రోగ్రామ్ ఓబీఎస్‌లో నలుపే

ముందు హెచ్‌డీసీపీ చూడండి. వీడియోను కాపీ చేయకుండా అడ్డుకునే తాళం ఇది. పీఎస్ 5లో సెట్టింగ్స్, సిస్టమ్, హెచ్‌డీఎంఐ వరకు వెళ్లి 'ఎనేబుల్ హెచ్‌డీసీపీ'ని ఆఫ్ చేయండి. అది ఆఫ్‌లో ఉన్నంతసేపు నెట్‌ఫ్లిక్స్ లాంటి యాప్‌లు నడవవు, కాబట్టి స్ట్రీమ్ అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోండి. పీఎస్ 3లో ఈ తాళం తీసే ఆప్షనే లేదు. కాంపొనెంట్ కేబుల్ వాడాలి, దానికి తగ్గ ఇన్‌పుట్ ఉన్న కార్డు వెతుక్కోవాలి.

తాళం తీసినా నలుపే ఉంటే, కార్డును ఇంకో ప్రోగ్రామ్ పట్టుకుని ఉందేమో చూడండి. విండోస్ ఈ కార్డులను చాలావరకు వెబ్‌క్యామ్‌గానే లెక్కేస్తుంది. అందుకే ప్రైవసీ సెట్టింగ్స్‌లో కెమెరా అనుమతి ఆపేసి ఉన్నా బొమ్మ రాదు.

బటన్ నొక్కిన కాసేపటికి గాని హీరో ఎగరడం లేదు

మీరు ఓబీఎస్ ప్రివ్యూలో చూస్తూ ఆడుతున్నారన్నమాట. కార్డు బొమ్మను పట్టుకుని, కంప్యూటర్‌కు పంపి, అది తెర మీదికి వచ్చేసరికి ఆలస్యం తప్పదు. ఫైటింగ్ గేముల్లో ఆ కాస్తే ఓటమికి చాలు. దీనికి సెట్టింగ్స్‌లో మందు లేదు. పాస్‌త్రూ, అంటే బొమ్మను నేరుగా టీవీకి దాటించే దారి, ఉన్న కార్డు కావాలి. దానికి హెచ్‌డీఎంఐ ఇన్ ఒకటి, అవుట్ ఒకటి ఉంటాయి. కన్సోల్‌ను ఇన్‌కు, టీవీని అవుట్‌కు కలిపి, టీవీ చూస్తూ ఆడండి. కంప్యూటర్ తెర స్ట్రీమ్ ఎలా వెళ్తోందో చూసుకోవడానికే. ఒకే హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్న చవక కార్డు ఎంత తక్కువకు వచ్చినా, ఆడుతూ స్ట్రీమ్ చేసేవాళ్లకు వద్దనే చెబుతాను.

బొమ్మ మసకగా, గళ్లు గళ్లుగా ఉంది, లేదా 30 ఫ్రేములు దాటడం లేదు

లెక్క వేస్తే కారణం ఇట్టే తెలుస్తుంది. 1080పీ బొమ్మ సెకనుకు 60 ఫ్రేముల చొప్పున, కుదించకుండా వైయూవై2 ఫార్మాట్‌లో రావాలంటే సెకనుకు దాదాపు 2 గిగాబిట్లు పారాలి. యూఎస్‌బీ 2.0 దారి 480 మెగాబిట్లే. అందుకే ఆ కార్డులు బొమ్మను ఎంజేపెగ్ అనే ఫార్మాట్‌లో గట్టిగా కుదిస్తాయి, లేదా ఫ్రేములు తగ్గిస్తాయి. యూఎస్‌బీ 3.0లో 5 గిగాబిట్ల దారి ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది ఉండదు.

మీది 3.0 కార్డే అయినా ఇలాగే ఉంటే పోర్టు, కేబుల్ చూడండి. టైప్‌-సీ కేబుళ్లలో చాలావి 2.0 వేగానికే పనికొస్తాయి. కార్డుతో వచ్చిన కేబుల్‌నే, హబ్ లేకుండా నేరుగా పెట్టండి. తర్వాత ఓబీఎస్‌లో ఆ సోర్స్ ప్రాపర్టీస్ తెరిచి, రిజల్యూషన్‌ను కస్టమ్‌కు మార్చి, వీడియో ఫార్మాట్ జాబితా చూడండి. అందులో 1080పీ, 60 ఫ్రేములకు వైయూవై2 గాని ఎన్‌వీ12 గాని కనిపిస్తే దారి సరిగ్గా దొరికినట్టే.

కొనేటప్పుడు మోసపోయేదీ ఇక్కడే. పెట్టె మీద పెద్దక్షరాల్లో '4కె' అని ఉంటుంది. అది లోపలికి తీసుకునే సిగ్నల్‌కో, పాస్‌త్రూకో చెందిన అంకె. రికార్డయ్యేది 1080పీ మాత్రమే కావచ్చు. వివరాల్లో 'క్యాప్చర్' అన్న వరుస విడిగా చదవండి. మామూలు లైవ్ స్ట్రీమ్‌కు 1080పీ క్యాప్చర్ ధారాళంగా సరిపోతుంది. టీవీ 4కె అయితే పాస్‌త్రూ మాత్రం దానికి తగ్గట్టు ఉండాలి. 4కెలో 120 హెర్ట్జ్‌తో ఆడేవాళ్లు పాస్‌త్రూకు హెచ్‌డీఎంఐ 2.1 ఉందో లేదో చూసుకోవాలి.

రంగులు వెలిసిపోయినట్టున్నాయి

కన్సోల్‌లో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా పెంచి చూపే సెట్టింగ్) ఆపి చూడండి. అయినా నలుపు బూడిదరంగులో ఉంటే, ఓబీఎస్‌లో కలర్ రేంజ్‌ను లిమిటెడ్ నుంచి ఫుల్‌కు, లేదా ఫుల్ నుంచి లిమిటెడ్‌కు మార్చండి.

బొమ్మ ఉంది, శబ్దం లేదు

కంట్రోలర్‌కు హెడ్‌సెట్ తగిలించారా? శబ్దమంతా అటే పోతుంటే హెచ్‌డీఎంఐలోకి ఏమీ రాదు. అది కాకపోతే, కన్సోల్ డాల్బీ ఫార్మాట్‌లో పంపుతుండవచ్చు. లీనియర్ పీసీఎంకు, స్టీరియోకు మార్చండి.

శబ్దం వస్తోంది, కానీ మీ మాట గేమ్ కన్నా ముందు వినిపిస్తోంది

గేమ్ బొమ్మ కార్డు మీదుగా ఆలస్యంగా వస్తుంది, మైక్‌కు ఆ ఆలస్యం లేదు. కాసేపు రికార్డ్ చేస్తూ మెనూలో ఒక బటన్‌ను గట్టిగా నొక్కండి. మైక్‌లో పడిన ఆ టక్కుకూ తెర మీద మెనూ కదలడానికీ మధ్య ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టండి. 60 ఫ్రేముల వీడియోలో ఒక్కోటి దాదాపు 17 మిల్లీసెకన్లు. వచ్చిన అంకెను ఓబీఎస్ అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో మైక్ సింక్ ఆఫ్‌సెట్‌గా వేయండి. వెబ్‌క్యామ్ కూడా ముందే పరిగెడుతుంటే దానికి వీడియో డిలే ఫిల్టర్ పెట్టండి.