ఎల్విస్ వేషం విప్పించడం ఎలా: థీమ్ హాస్పిటల్‌లో సైకియాట్రిస్టు గది

పగలంతా నా పని ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్ వెనక. రాత్రి అన్నాలయ్యాక లాప్‌టాప్‌లో ఇంకో ఆసుపత్రి తెరుస్తాను. "పొద్దుణ్ణుంచి చూసింది చాల్లేదా అక్కా?" అని మా తమ్ముడి దెప్పు. చాల్లేదు మరి. పగటి ఆసుపత్రిలో క్యూ పెరిగితే తిట్లు తినేది నేను, డాక్టరుగారి గదిని రెండడుగులు ఇటు జరపమనే అధికారం మాత్రం నాది కాదు. రాత్రి ఆసుపత్రిలో గది నేనే జరుపుతాను, డాక్టర్ని అమాంతం ఎత్తి కావలసిన చోట దింపుతాను.

ఆ రాత్రి ఆసుపత్రి ఒక కంప్యూటర్ ఆట, పేరు థీమ్ హాస్పిటల్. ఇంగ్లండ్‌లో గిల్డ్‌ఫర్డ్ కేంద్రంగా నడిచిన బుల్‌ఫ్రాగ్ అనే కంపెనీ తయారు చేసింది, 1997లో విడుదలైంది. 1994లో వచ్చిన థీమ్ పార్క్ కూడా వాళ్లదే. ఇప్పుడు ఆడాలంటే జీఓజీ సైటులో కొనుక్కోవచ్చు. కొన్నాక కోర్సిక్స్‌టీహెచ్ అనే ఉచిత ప్రోగ్రామ్ కూడా దించుకోండి. అభిమానులు ఆ ఆటను మళ్లీ మొదటి నుంచి రాసుకున్న రూపం అది. ఈ కాలపు స్క్రీన్ మీద బొమ్మ నిండుగా వస్తుంది. అసలు ఆట ఫైళ్లు మీ దగ్గర ఉంటేనే ఆట మొత్తం నడుస్తుంది కాబట్టి కొనడం తప్పదు.

ఆటలో మొత్తం ఆసుపత్రి నడపాలి. ఓపీ గది, మందుల గది, వార్డు, ఆపరేషన్ థియేటర్ అన్నీ మన నెత్తినే. అన్నిట్లోకీ నాకు సరదా సైకియాట్రిస్టు గది. ఆటకి పేరు తెచ్చిన వెటకారమంతా అక్కడే ఉంది, కొత్తవాళ్లు చేతులెత్తేసేదీ అక్కడే.

ఈ గదికి వచ్చే జబ్బులు ముందు తెలుసుకోండి. కింగ్ కాంప్లెక్స్ అంటే రాజుగారి ఆత్మ పూనడం. ఏ రాజో పేరెత్తరు, ఆ జుట్టూ ఆ సూటూ చూస్తే రాక్ అండ్ రోల్ రాజుగా పేరుపడ్డ అమెరికా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ అని చిన్నపిల్లలకీ తెలుస్తుంది. లక్షణాలు రంగురంగుల బూట్లు, చీజ్‌బర్గర్లు. చికిత్స ఏమిటంటే, నువ్వు చూడ్డానికి ఎంత వింతగా ఉన్నావో డాక్టరు మొహం మీదే చెప్పడం. టీవీ పర్సనాలిటీస్ పగటిపూట టీవీ చూసేవాళ్లకి వస్తుంది; వంటల కార్యక్రమం తామే నడపగలమని భ్రమ. టీవీ అమ్మేసి రేడియో కొనుక్కోమని ఒప్పిస్తే నయం. మా పిన్నికి ఈ జబ్బు ఉందని నాకు గట్టి అనుమానం. నవ్వు అంటుకునేవాళ్లు, 1970ల మీద బెంగతో బుగ్గ మీసాలూ వెడల్పు పాంట్లూ వేసేవాళ్లు, ఇంటర్వ్యూ భయంతో అరచేతులు చెమటలు పట్టేవాళ్లు, ఎవరో ఆటపట్టించడం వల్ల ఒంట్లో ఉత్తుత్తి రక్తం చేరినవాళ్లు, వీళ్లందరి దారీ ఇటే. నిజం సైకియాట్రిస్టు ఎవరూ పేషెంటుని ఎగతాళి చేయరని మా ఆసుపత్రిలో రోజూ చూస్తున్నాను. ఇక్కడి వైద్యం ఇక్కడికే.

గది కట్టడం తేలిక. కనీసం ఐదు గళ్ల పొడవు, ఐదు గళ్ల వెడల్పు. లోపల తప్పనిసరిగా మూడు సామాన్లు: పేషెంటు పడుకునే సోఫా, డాక్టరు కూర్చునే మెత్తటి కుర్చీ, ఒక తెర. ఆ తెర దేనికా అనుకుంటారు. ఎల్విస్ వేషం వాడు వచ్చినప్పుడు కళ్లు అక్కడే పెట్టి చూడండి. సోఫా మీద పడుకుని కాసేపు గోడు వెళ్లబోసుకుంటాడు. లేచి తెర వెనక్కి వెళతాడు. బయటికొచ్చేది మామూలు చొక్కా, మామూలు పాంటు, మామూలు జుట్టు ఉన్న మనిషి. బిల్లు కట్టి బుద్ధిగా ఇంటికి పోతాడు. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. పుస్తకాల బీరువా కూడా పెట్టండి. డాక్టరు అప్పుడప్పుడూ లేచి అందులో వెతుక్కోవడం చూడ్డానికి బాగుంటుంది. డబ్బుంటే గది కాస్త పెద్దది చేసి కిటికీలు వేయండి. ఇరుకు గదిలో డాక్టరు మూడ్ చెడుతుంది. చలికి వణకకుండా ఒక రేడియేటర్ సరే. మంటలార్పే సిలిండర్ దండగ. అది మెషీన్లున్న గదులకి.

అసలు కిటుకు ఆ మెషీన్ మాటలోనే ఉంది. తల వాచినవాళ్ల గదిలో గాలి కొట్టే యంత్రం ఉంటుంది. అది అరుగుతుంది, హ్యాండీమ్యాన్ బాగుచేయకపోతే పేలిపోతుంది. సైకియాట్రిస్టు గదిలో చెడిపోయే సామాను లేదు. చెడిపోవడానికున్నది డాక్టరు ఒక్కడే. కాబట్టి మీ తెలివంతా ఆ మనిషి మీద పెట్టాలి.

ఆటలో డాక్టర్లందరూ ఒకటి కాదు. సైకియాట్రిస్టు అనే ప్రత్యేక చదువు ఉన్నవాడే ఆ కుర్చీలో కూర్చోగలడు. అభ్యర్థుల జాబితాలో ఫొటో, జీతం, ఎంత నేర్పరో చూపే గీత ఉంటాయి, కింద ఆ మనిషి గురించి ఒకటి రెండు ఎత్తిపొడుపు మాటలుంటాయి. ఆ మాటలు నవ్వుకోడానికి, గీత చూసి తీసుకోడానికి. సైకియాట్రిస్టు కనిపిస్తే జీతం ఎక్కువైనా వదలకండి, నెల మారాక వచ్చే జాబితాలో ఒక్కరూ లేకపోవచ్చు. మొదటివాణ్ణి తీసుకున్నాకే గది కట్టండి. డాక్టరు లేని గది కడితే జనం తలుపు ముందు పోగవుతారు, మైకులో అమ్మాయి సైకియాట్రిస్టు కావాలి అని మొత్తుకుంటూనే ఉంటుంది.

ఒక్కడు చాలడు. ఎందుకో చెబుతాను. ఈ గదిలో చికిత్సే కాదు, జబ్బు కనిపెట్టే పని కూడా జరుగుతుంది. ఓపీ డాక్టరుకి జబ్బు అంతుపట్టకపోతే ఇక్కడికి పంపుతాడు. ఇక్కణ్ణుంచి మళ్లీ ఓపీకి పోవాలి. జబ్బు ఇదీ అని తేలాక చికిత్స కోసం మళ్లీ ఇక్కడికే. అంటే ఒకే మనిషి మీ వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు. కాబట్టి ఈ గదిని ఓపీ గదుల పక్కనే కట్టండి. మూలకి తోసేస్తే పేషెంట్లు నడవలేక ఆపసోపాలు పడతారు, దారిలో కక్కుతారు, ఒకడు కక్కితే చూసినవాడూ కక్కుతాడు. తలుపు దగ్గర బెంచీలు, కూల్‌డ్రింక్ మెషీన్, నాలుగడుగుల్లో టాయిలెట్. మా కౌంటర్ దగ్గర కూడా ఇవి ఉంటే సగం గొడవలు తగ్గుతాయి, వినేదెవరు?

డాక్టరు అలిసిపోతే స్టాఫ్ రూముకి పోతాడు. అక్కడ సోఫాలు, పూల్ టేబుల్, వీడియో గేమ్ పెడితే త్వరగా తేరుకుంటాడు. ఆ రూము కూడా దగ్గర్లోనే ఉండాలి. రెండో సైకియాట్రిస్టు ఉంటే ఈలోపు కుర్చీ ఖాళీగా ఉండదు.

ఇంకో తలనొప్పి ఉంది. పని లేక నిలబడ్డ సైకియాట్రిస్టుని ఆటే ఓపీ గదికి పిలిచేస్తుంది. అతనూ డాక్టరే కదా, పోయి జలుబులు చూస్తూ కూర్చుంటాడు. ఇక్కడ ఎల్విస్‌లు వరుసకట్టి నిలబడతారు. ఆసుపత్రి నియమాలు మార్చే పాలసీ స్క్రీన్‌లో స్టాఫ్ గది వదిలి వెళ్లొచ్చా లేదా అని ఒక మీట ఉంది. డాక్టర్లు సరిపడా ఉంటే దాన్ని "వద్దు" వైపు పెట్టండి. తక్కువగా ఉంటే "సరే" వైపే ఉంచి, అవసరమైనప్పుడల్లా మనిషిని ఎత్తి గదిలో వదలండి.

మంచి సైకియాట్రిస్టు దొరకడం లేదంటే తయారు చేసుకోండి. ట్రైనింగ్ రూము కట్టి, సైకియాట్రీ వచ్చిన కన్సల్టెంట్‌ని, అంటే ఆటలో పై స్థాయి డాక్టర్ని, ప్రొజెక్టర్ దగ్గర నిలబెట్టి, జూనియర్లని బెంచీల్లో కూర్చోబెట్టాలి. కన్సల్టెంట్‌కి ఆ విద్య లేకపోతే శిష్యులకీ రాదు. అస్థిపంజరం, పుస్తకాల బీరువా పెడితే చదువు త్వరగా ఎక్కుతుంది. క్లాసులో కూర్చున్నన్నాళ్లూ జూనియర్లు ఓపీ చూడరు, జీతం మాత్రం పోతూనే ఉంటుంది. చేతిలో డబ్బు నిలిచాకే ఈ పనికి దిగండి. చదువు పూర్తయ్యాక జీతం పెంచమని అడుగుతారు. పెంచండి. బయటికి పొమ్మంటే మళ్లీ మొదటికొస్తుంది.

క్యూ పెరిగినప్పుడు తలుపు మీద నొక్కితే వరుస కనిపిస్తుంది. అందులో ఎవర్నైనా లాగి ముందు పెట్టొచ్చు, వేరే ఆసుపత్రికి సాగనంపొచ్చు. ఆరోగ్యం క్షీణించినవాణ్ణి ముందుకి తెస్తాను, ఎల్విస్‌ని అతని వెనక పెడతాను. సిఫార్సు ఫోన్లు రాని ఒకే ఒక్క క్యూ ఇది, కడుపు నిండా నా ఇష్టం.

ఇంకా గది కట్టకముందే ఆ జబ్బువాడు వస్తే ఫ్యాక్స్ వస్తుంది. ఇంటికి పంపమంటారా, ఆగమంటారా అని అడుగుతుంది. గది కట్టే డబ్బూ కూర్చోబెట్టే డాక్టరూ రెండూ ఉంటేనే ఆగమనండి. ధరల సంగతికొస్తే, జబ్బుల వివరాలుండే కేస్‌బుక్‌లో ఒక్కో జబ్బుకీ విడిగా రేటు మార్చుకోవచ్చు. కొద్దిగా పెంచితే కిమ్మనరు, మరీ పెంచితే కట్టం పొమ్మంటారు.

ఈ ఆట నచ్చినవాళ్లు 2018లో వచ్చిన టూ పాయింట్ హాస్పిటల్ కూడా చూడొచ్చు. థీమ్ హాస్పిటల్ చేసిన మార్క్ వెబ్లీ, గ్యారీ కార్ కలిసి పెట్టిన స్టూడియోది. అందులో మాక్ స్టార్ అని రాక్ గాయకుడి వేషంలో, మీసాలతో తిరిగే పేషెంట్లున్నారు, వాళ్ల మందూ సైకియాట్రీ గదిలోనే. బొమ్మలు అందులో చాలా బాగుంటాయి. వెటకారం పదును మాత్రం నాకు పాతదాన్లోనే ఎక్కువ కనిపిస్తుంది.

డబ్బు మరీ ఎండిపోయి ఆసుపత్రి మూసే పరిస్థితి వస్తే, కోర్సిక్స్‌టీహెచ్‌లో ఫ్యాక్స్ మెషీన్ మీద 24328 కొట్టండి. దొంగదారుల పట్టీ ఒకటి తెరుచుకుంటుంది, డబ్బు అందులోనే దొరుకుతుంది. వాడుకున్నారంటే మాత్రం అడ్మినిస్ట్రేటర్ (అంటే మీరే) మోసం చేస్తున్నారని మైకమ్మాయి ఆసుపత్రి మొత్తానికి చాటేస్తుంది. ఇంట్లోవాళ్లు పక్కనుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కొట్టడం మేలు.