పెద్ద ఆఫ్రికన్ సిక్లిడ్లకు తోటి చేపలను ఎలా ఎంచుకోవాలి?

పెద్ద ఆఫ్రికన్ సిక్లిడ్లు అనే మంచినీటి చేపలున్న అక్వేరియంలో చేపలు ఒక్కొక్కటిగా చనిపోతుంటే చాలామంది ముందుగా నీటినే అనుమానిస్తారు. నీటి పరీక్షలో లోపమేమీ కనిపించనప్పుడు, తోటి చేపల ఎంపికలోనే పొరపాటు ఉందేమో చూడాలి. కొనే రోజున వేలెడంత ఉన్న రెండు పిల్లలు ఒకే పరిమాణంలో ఉన్నట్టు కనిపించినా, పెరిగే కొద్దీ ఒకటి రెండోదాన్ని మింగగలిగే స్థాయికి చేరుకోవచ్చు. అందువల్ల మీకు ప్రధానంగా కావలసిన పెద్ద చేప ఏదో ముందు తేల్చుకుని, మిగిలినవాటిని దానికి అనుగుణంగా ఎంచుకోవాలి.

మొదట చూడవలసింది ఆ చేప పుట్టిన నీరు. ఫ్రంటోసా టాంగన్యికా సరస్సుకు చెందినది; వీనస్టస్, లివింగ్‌స్టోనీ, బ్లూ డాల్ఫిన్ వంటివి మలావి సరస్సులోవి. రెండు సరస్సుల నీరూ క్షారగుణం కలిగినదే కాని, టాంగన్యికాలో పీహెచ్ సుమారు 9 వరకు ఉంటే మలావిలో సాధారణంగా 7.8 నుంచి 8.6 మధ్య ఉంటుంది. ఒకే సరస్సు చేపలను కలిపి పెంచడం అన్ని విధాలా సులువు. మెత్తని, కాస్త ఆమ్లగుణమున్న నీటికి అలవాటుపడిన డిస్కస్, నియాన్ టెట్రా వంటి దక్షిణ అమెరికా చేపలను ఈ ట్యాంకులో వేయనే కూడదు. పీహెచ్ పెరిగే కొద్దీ అమ్మోనియా మరింత విషపూరితమవుతుంది కనుక, చేపల సంఖ్యను పెంచే ముందు ఫిల్టర్ సామర్థ్యాన్ని చూసుకోవాలి.

తరువాత, ప్రతి చేప పూర్తిగా పెరిగాక ఎంత పొడవు ఉంటుందో రాసుకోండి. ఫ్రంటోసా 30 సెంటీమీటర్లు దాటుతుంది. వీనస్టస్, లివింగ్‌స్టోనీ దాదాపు 25 సెంటీమీటర్ల వరకు, బ్లూ డాల్ఫిన్ 20 వరకు పెరుగుతాయి. వీటి గుంపుకు కనీసం 180 సెంటీమీటర్ల పొడవు, 500 లీటర్లకు తక్కువ కాని ట్యాంకు ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఎత్తు కన్నా పొడవు ముఖ్యం, ఎందుకంటే తరిమే చేప నుంచి తప్పించుకోవడానికి అడ్డంగా దూరం కావాలి.

ఇక అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది నోటి మీద. లివింగ్‌స్టోనీ వేటాడే తీరు చూస్తే ఈ విషయం బాగా అర్థమవుతుంది. అది ఇసుక మీద పక్కకు ఒరిగి, కదలకుండా, చచ్చిన చేపలా పడి ఉంటుంది. ఒంటి మీది ముదురు మచ్చలు కుళ్లిపోతున్న చేపను తలపిస్తాయి. పొడుచుకు తిందామని దగ్గరకు వచ్చిన చిన్న చేపను ఒక్క ఉదుటున అందుకుంటుంది. ఫ్రంటోసా నెమ్మదిగా, ఠీవిగా ఈదుతూ సాధువులా కనిపిస్తుంది కాని, మసక వెలుతురులో చిన్న చేపల మీదికి పోతుంది. సిప్రిక్రోమిస్ అనే సన్నని చేపలు సరస్సులో దానికి ఆహారమే, కాబట్టి రెండూ టాంగన్యికావే అయినా కలపకూడదు. ఒకే సరస్సు అన్న ఒక్క కారణం చాలదన్నమాట. పెద్ద చేప పొడవులో సగానికి తక్కువగా ఉండే సన్నని చేపను దాని పక్కన ఉంచకపోవడమే క్షేమం.

ఆహారపు అలవాట్లు కూడా కలవాలి. మలావిలోని రాళ్ల మీద పాచిని గీరి తినే ఎంబునా అనే సిక్లిడ్లకు మాంసకృత్తులు ఎక్కువైతే కడుపు ఉబ్బే జబ్బు పట్టుకునే ప్రమాదం ఉంది. వేట చేపలకేమో అలాంటి ఆహారమే కావాలి. పైగా ఎంబునాల దూకుడు, నిరంతర పరుగులు ఫ్రంటోసా వంటి నిదానమైన చేపను బెదరగొట్టి, తిండికి దూరం చేస్తాయి.

స్వభావం విషయంలో, అతి నెమ్మదివీ అతి దూకుడువీ కాని జాతులను వెతకాలి. వీనస్టస్‌కు బ్లూ డాల్ఫిన్, ప్రోటోమెలాస్ వంటివి తగిన జోడీ. పీకాక్ సిక్లిడ్లు అందంగా ఉన్నా, పెద్ద హాప్‌ల (వీనస్టస్, లివింగ్‌స్టోనీ వంటి మలావి సిక్లిడ్ల) మధ్య భయంతో రంగు కోల్పోతాయి. ఒకే రంగు, ఒకే ఆకారం ఉన్న మగ చేపలు పరస్పరం పోటీదారులుగా భావించుకుంటాయి కనుక పోలికలున్న జాతులను పక్కపక్కన పెట్టకండి. దగ్గరి జాతులు సంకరం కూడా అవుతాయి. సంతానం కోసం పెంచేవారు ఒక మగ చేపకు మూడు నాలుగు ఆడ చేపల చొప్పున ఉంచితే వేధింపు ఒకదాని మీదే పడదు.

సిక్లిడ్లు కాని వాటిలో ఆఫ్రికాకే చెందిన సినోడాంటిస్ క్యాట్‌ఫిష్ మంచి ఎంపిక, అయితే నోట్లో పట్టనంత పెద్దదిగా ఉండాలి. దాని వెన్ను, పక్క రెక్కల ముళ్లు నిటారుగా బిగుసుకుంటాయి కనుక, మింగబోయిన చేప గొంతులో ఇరుక్కుంటే రెండూ చనిపోవచ్చు. టాంగన్యికాకు చెందిన కోకిల క్యాట్‌ఫిష్ తన గుడ్లను నోట్లో పొదిగే సిక్లిడ్ల గుడ్లతో కలిపేస్తుంది. ముందుగా పొదిగిన దాని పిల్లలు సిక్లిడ్ పిల్లలను తినేస్తాయి. సంతానం ఆశించేవారికి అది పనికిరాదు.

ఎంచుకున్న చేపలను మూడు నాలుగు వారాలు వేరే ట్యాంకులో ఉంచి, జబ్బులేమీ లేవని నిర్ధారించుకోండి. నెమ్మదైనవాటిని ముందు, దూకుడైనవాటిని చివర వేయాలి. పాత చేపలకు కడుపునిండా తిండి పెట్టి, రాళ్ల అమరికను మార్చి, లైటు ఆర్పి కొత్తవాటిని వదలండి. అమరిక మారడంతో పాత చేపలు తమ హద్దులను కొత్తగా వెతుక్కోవలసి వస్తుంది.

మొదటి రెండు వారాలు రోజూ తిండి పెట్టే సమయంలో గమనించండి. ఒక చేప పై మూలలో గాని, హీటరు వెనక గాని నిలబడిపోయి తిండికి రాకపోతే, తోక చివర చీలికలు కనిపిస్తే, దాన్ని వెంటనే వేరు చేయాలి. తరిమే చేప ఒక్కటే అయితే దాన్నే కొద్దిరోజులు బయటికి తీసి, రాళ్లు మార్చి, తిరిగి వదలండి. అప్పటికీ తరుముతూనే ఉంటే ఆ రెండింటినీ శాశ్వతంగా వేరు ట్యాంకుల్లో ఉంచవలసిందే.