బయోడీజిల్ ట్యాంకులో పోసేముందు నాజిల్ దగ్గర స్ప్రే చూస్కోండి

మా అనంతపురం పక్క గట్లెంబడి కానుగ చెట్లు బాగానే ఉంటాయి, ఆ నూనె గట్టిగా వడగట్టి డీజిల్లో కలిపి పోస్తే సరిపోతాదిలే అనుకుని నేనే ఒకసారి మోటర్ ఇంజన్‌లో పోసి నాజిల్ (సిలిండర్‌లోకి ఇంధనాన్ని చిమ్మే ముక్క) మాడగొట్టుకున్నా. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో డీజిల్ ఇంజన్‌ని శెనక్కాయ నూనెతో నడిపినారు కదా అని నాకు ఒకటే ధైర్యం. ఆ ఇంజన్ వేరు, మన నాజిల్ వేరు.

అసలు విషయం చిక్కదనం. 40 డిగ్రీల వేడి దగ్గర మామూలు డీజిల్ 2 నుంచి 4.5 సెంటిస్టోక్స్ (చిక్కదనం కొలిచే లెక్క) ఉంటే, నూనెని మెథనాల్ లాంటి ఆల్కహాల్‌తో కలిపి మార్చి సరిగ్గా చేసిన బయోడీజిల్ 3.5 నుంచి 5 ఉండాల. పచ్చి నూనెలు 30, 40 దాకా పోతాయి, అందుకే నూనె వేరు బయోడీజిల్ వేరు. చిక్కగా ఉంటే నాజిల్ నుంచి వచ్చే ధార సన్నగా చీలదు, చుక్కలు పెద్దవైతాయి, పైగా బయోడీజిల్‌కి చుక్కని విడిపోనీకుండా పట్టుకునే తలతన్యత కూడా డీజిల్ కంటే కొంచెం ఎక్కువే. స్ప్రే వెడల్పు తగ్గి దూరం పోతాది, పోయి పిస్టన్‌కో సిలిండర్ గోడకో తగుల్తాది, ఆవిరి కావడానికి ఎక్కువ వేడి కావాల కాబట్టి కాలకుండా మిగిలింది ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి దిగి అక్కడే ఉండిపోతాది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగిందా, అనుమానపడండి.

ఇంట్లోనే చూసే పద్ధతి ఒకటుంది. 10 ఎంఎల్ సిరంజికి సన్న సూది పెట్టి, సిరంజిలో తోసే పుల్ల తీసేసి నిలబెట్టి, ముందు డీజిల్ పోసి ఎంత సేపట్లో కారిపోతాదో సెల్‌ఫోన్‌లో టైం పట్టండి, తర్వాత అదే సూదితో బయోడీజిల్. రెండూ ఒకే చోట నీడలో పెట్టినవై ఉండాల. రెట్టింపు లోపు పడితే పర్లేదు, పదింతలు పడితే అది నూనే, ఎవరేం చెప్పినా. ఇంకోటి, సీసాలో సగం నీళ్లు సగం బయోడీజిల్ పోసి బాగా ఊపండి, అర్ధగంటలో విడిపోయి తేటపడాల, పాలలాగా తెల్లగానే నిలిస్తే సబ్బో సరిగ్గా మారని నూనో మిగిలినట్టు, అది నాజిల్ రంధ్రాల్లో మసి కట్టిస్తాది.

ఇంజన్ డీజిల్ పంపులు, నాజిల్‌లు రిపేరు చేసే షాపులో నాజిల్ టెస్టర్ ఉంటాది, నాజిల్‌ని బయట పెట్టి ప్రెషర్‌తో ఇంధనం చిమ్మించి చూసే మిషను. ముందు డీజిల్‌తో కొట్టించి, తర్వాత మీ మిశ్రమంతో కొట్టించండి. పాత ఇంజన్లకు నాజిల్ 200 బార్ ప్రెషర్ దరిదాపుల్లో తెరుచుకుంటాది, కచ్చితమైన అంకె మీ మాన్యువల్‌లో చూడండి. మంచులాగా తుంపర రావాల, ధారలాగా రాకూడదు. డీజిల్‌తో కూడా చుక్కలు కారితే తప్పు నాజిల్‌ది. చెయ్యి మాత్రం అడ్డం పెట్టొద్దు, ఆ ప్రెషర్‌కి ఇంధనం చర్మంలోకి దూరిపోతాది, నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాల్సిన పని.

డీజిల్లో బయోడీజిల్ మొదట 5 శాతం కలపండి, తర్వాత 20 దాకా, అంతకుమించి వద్దు. డిసెంబర్ తెల్లారుజామున చల్లదనానికి చిక్కబడతాది కాబట్టి అప్పుడు ఇంకా తక్కువ కలపండి. బయోడీజిల్ ట్యాంకులో ఉన్న పాత మడ్డిని కడిగేస్తాది, మొదటి రెండు ట్యాంకులకు ఫిల్టర్ రెడీగా పెట్టుకోండి. పవర్ కొంచెం తగ్గుతాది, అదేం భయం కాదు, పవర్ కోసమని పంపులో ఇంధనం ఎక్కువ వచ్చేలా మాత్రం తిప్పించొద్దు.