అడవి జలపాతం మడుగులో క్షేమంగా దిగడం ఎలా?

హన్మకొండ నుంచి తెల్లవారుజామున బయలుదేరితే ఎండ ముదరకముందే చేరుకోగల జలపాతాలు ములుగు, మహబూబాబాద్ జిల్లాల అడవుల్లో చాలానే ఉన్నాయి. కొన్నింటికి పేర్లున్నాయి, కొన్నింటిని పక్క ఊరివాళ్లు వట్టి ‘గుండం’ అని పిలుస్తారు. పాతికేళ్లుగా నేను ఏటా వాటి దగ్గరికి వెళ్తున్నాను. అక్కడ చిక్కుల్లో పడినవాళ్లలో ఈత రానివారికంటే ఈత వచ్చినవారినే నేను ఎక్కువగా చూశాను. అందుకే నీటిలోకి దిగే పద్ధతిని వివరంగా రాస్తున్నాను.

ముందుగా కాలం. దసరా దాటిన తరువాత, సంక్రాంతి లోపల వెళ్లాలి. జులై, ఆగస్టు నెలల్లో జలపాతాన్ని ఒడ్డున నిలబడి చూడాలే తప్ప దిగకూడదు. 2023 జులై 27 ఉదయం వరకు గడిచిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ రోజుల్లోనే వెంకటాపురం మండలంలోని ముత్యాలధార చూడడానికి వెళ్లిన పర్యాటకులు తిరుగుదారిలో వాగు పొంగి అడవిలోనే చిక్కుకుపోగా, విపత్తు స్పందన దళం వారిని రక్షించవలసి వచ్చింది. పోయేటప్పుడు మోకాలి లోతు ఉన్న వాగు వచ్చేటప్పటికి మనిషి లోతు కావచ్చునని వారిలో ఎంతమంది ఊహించి ఉంటారు?

తరువాత చోటు. బొగత వంటి పేరున్న జలపాతాల దగ్గర ప్రవాహం పెరిగినప్పుడు అటవీ శాఖవారు స్నానాలను ఆపివేస్తారు. ఆ మాటను మీరకండి. ఆదిలాబాద్ జిల్లాలో కడెం నది మీది కుంటాల దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది, దాని కింది గుండాల్లో ప్రాణాలు పోయిన సంఘటనలు ఒకటీ రెండూ కావు. స్నానానికి చిన్న ధార, వెడల్పాటి మడుగు, ఇసుక ఒడ్డు ఉన్న చోటునే ఎంచుకోవాలి. ఆ ఊరి మనిషి ఒకరిని తప్పనిసరిగా వెంట తీసుకెళ్లాలి, కూలి ముందే మాట్లాడుకోవాలి. అభయారణ్యమైతే అనుమతి తీసుకోవాలి.

సామాను గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. రబ్బరు అడుగున్న కాన్వాసు బూట్లు, వెదురు కర్ర, పదిహేను మీటర్ల నైలాన్ తాడు, మూత ఉన్న ఐదు లీటర్ల ఖాళీ డబ్బా, ఈల, పొడి బట్టలు, దోమల మందు ఉంటే చాలు. తినడానికి సర్వపిండి తీసుకెళ్లండి. బిర్యానీ పొట్లాలు వద్దు. కడుపు నిండా తిన్న మనిషి చల్లటి నీటిలో దిగకూడదు. అడవిలో ఫోను పనిచేయదు కాబట్టి ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి బయలుదేరండి.

ఇక అసలు సంగతి నీటిలోకి దిగడం.

మన దగ్గర ఈత అంటే బావి ఈత. నడుముకు బెండో సొరకాయ బుర్రో కట్టుకుని వ్యవసాయ బావిలో నేర్చుకుంటాము, గట్టు మీది నుంచి దూకడంలోనే సగం ఆనందం పొందుతాము. నేనూ అలాగే నేర్చుకున్నాను. అయితే బావిలో నీరు నిలిచి ఉంటుంది, దాని అడుగు మనకు తెలుసు. జలపాతం కింది మడుగు అటువంటిది కాదు. ప్రతి వానాకాలం వరద పై నుంచి బండలను, దుంగలను దొర్లించుకుని వచ్చి అందులో పడవేస్తుంది కనుక, నిరుడు నిలువు లోతున్న చోట ఈ ఏడు నీటికి జానెడు కింద రాయి ఉండవచ్చు. అందువల్ల దూకకూడదు. తలకిందులుగా మాత్రమే కాదు, కాళ్లతోనూ దూకకూడదు. ఊరి పిల్లలు దూకుతున్నారు కదా అని అడిగేవారికి నా సమాధానం ఒకటే: ఆ పిల్లలకు ఆ రాళ్లు తెలుసు, మీకు తెలియవు.

దిగేముందు మడుగుకు దిగువన వందడుగులు నడిచి చూడండి. నీరు మిమ్మల్ని లాక్కుపోతే ఎక్కడికి చేరుస్తుందో ముందే తెలియాలి. అక్కడ మరో ధార, ఇరుకు సందు లేదా అడ్డంగా పడిన చెట్టు ఉంటే ఆ మడుగును వదిలేయండి, ఎంత అందంగా ఉన్నా సరే. తరువాత నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, పది నిమిషాలకొకసారి దానిని చూసే బాధ్యతను ఈతకు దిగని ఒకరికి అప్పగించండి. వాజేడు, వెంకటాపురం వైపు కొన్ని వాగులు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గుట్టల నుంచి వస్తాయి. మన నెత్తిన ఎండ కాస్తున్నా అక్కడ కురిసిన వాన ఇక్కడికి వస్తుంది. పుల్ల మునిగినా, నీరు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకువచ్చినా, ధార చప్పుడు బరువెక్కినా వెంటనే ఒడ్డెక్కి ఎత్తైన చోటికి పోవాలి. ఒకసారి మాతో వచ్చిన పెద్దాయన “నీళ్ల రంగు మారుతున్నది, పైకి రండ్రి” అన్నప్పుడు నాకు ఏ తేడా కనిపించలేదు. పావుగంటలో మేము బట్టలు విప్పి పెట్టిన బండ మునిగింది.

నల్లగా, పచ్చగా మెరిసే బండ మీద పాకుడు ఉంటుంది, దాని మీద కాలు పెట్టకూడదు. ఆ బండ దాటక తప్పకపోతే కూర్చుని, చేతులూ కాళ్లూ ఆనించి జరుగుతూ దిగాలి. కుర్రవాళ్లు దీనిని నామోషీగా భావిస్తారు, కానీ తల పగిలేది నిలబడి దిగినప్పుడే. నీటిలోకి చేరాక ప్రతి అడుగుకు ముందు కర్రతో లోతు చూసుకుంటూ ఛాతీ లోతు దగ్గర ఆగిపోవాలి.

ధార కిందికి వెళ్లి నిలబడాలన్న ఆశను మానుకోండి. పై నుంచి పడే నీరు తనతో గాలిని లోపలికి లాక్కుపోతుంది. గాలి కలిసిన ఆ తెల్లటి నురుగునీటికి మనిషిని తేల్చే శక్తి తక్కువ. బావిలో సునాయాసంగా తేలే మనిషి అక్కడ మునుగుతాడు. పైగా ధార పడిన చోట నీరు అడుగుకు పోయి, కొంత దూరంలో పైకి లేచి, మీద మీదుగా మళ్లీ ధార వైపే తిరగవచ్చు. ఆ సుడిలో చిక్కినవాడు ఎంత ఈదినా వెనక్కే వస్తాడు. ధార ఎంత ఎత్తు నుంచి పడుతున్నదో కనీసం అంత దూరంలో ఉండడం నియమం.

నడుముకు తాడు కట్టుకుని దిగడం గొప్ప జాగ్రత్త అని చాలామంది నమ్ముతారు. ఇది ప్రమాదకరమైన నమ్మకం. పారే నీటిలో తాడు బిగుసుకున్నప్పుడు ప్రవాహం మనిషిని కిందికి అదుముతుంది, తాడు రాళ్ల మధ్య చిక్కుకుంటే విడిపించుకోవడానికి వీలుండదు. తాడు ఒడ్డునే ఉండాలి. ఖాళీ డబ్బాలో దోసెడు నీళ్లు పోసి, మూత బిగించి, పిడికి తాడు కట్టి సిద్ధంగా ఉంచండి. ఆ కాస్త బరువు వల్ల విసిరినప్పుడు దూరం పోతుంది, పట్టుకున్నవాడిని తేలుస్తుంది కూడా. ఎవరైనా మునుగుతుంటే దానిని విసరాలే తప్ప వెనకాలే మరొకరు దూకకూడదు. కొట్టుకుపోతున్నవాడు నిలబడడానికి ప్రయత్నించకుండా వెల్లకిలా తేలి, కాళ్లు దిగువ వైపు చాపి ఉంచాలి. నిలబడబోతే పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటుంది.

ఇరవై నిమిషాలు చాలు. వణుకు మొదలయ్యాక కాళ్లు కొంకర్లు పోతాయి కాబట్టి అంతకుముందే బయటికి రండి. పిల్లలు ముందు, బాగా ఈత వచ్చినవారు చివర ఒడ్డెక్కాలి. తలలు లెక్కపెట్టుకున్న తరువాతే తాడు చుట్టండి.