మిరుగం (మృగశిర కార్తె) పెట్టకముందే స్కూటీ బెల్ట్: మార్చేటప్పుడు, మార్చాక జాగ్రత్తలు

రోహిణి కార్తె ఎండల్లో తిరిగిన స్కూటీ ఆ దెబ్బను వానలు పడ్డాక చూపిస్తుంది. ఎండ 43, 44 డిగ్రీలు ఉన్న రోజుల్లో ఇంజన్ పక్కనే మూసి ఉన్న గదిలో తిరుగుతూ, ఇంజన్ బలాన్ని వెనక చక్రానికి చేర్చే రబ్బరు బెల్ట్ ఎండిపోయి, పళ్ల సందుల్లో సన్నటి పగుళ్లు పడతాయి. అప్పటికి బండి మామూలుగానే నడుస్తుంది. జులైలో రోడ్డు మీద నీళ్లు నిలిచి, వెనక ఒక మనిషి, ముందు ఒక బస్తా ఉన్న రోజున తెగుతుంది. ఇంజన్ మోగుతూనే ఉంటుంది, చక్రం మాత్రం తిరగదు. హన్మకొండ చౌరస్తాలో అయితే తోసుకుంటూ ఏదో ఒక షెడ్డు చేరుకోవచ్చు. పస్రా దాటి తాడ్వాయి అడవి దారిలోనో, చీకటి పడ్డాక పరకాల రోడ్డు మీదనో అయితే ఆ కష్టం పడ్డవాళ్లకే తెలుస్తుంది.

అందుకే బెల్ట్ మార్చే పని ఉంటే మే నెలాఖరులోపే చేయించుకోండి. తొందర దేనికంటే, కొత్త బెల్ట్ మొదటి 100 కిలోమీటర్లు పొడి రోడ్డు మీద, తేలికపాటి బరువుతో నడవాలి. వానలు మొదలై, యూరియా బస్తాల తిరుగుడు మొదలయ్యాక మార్చితే ఆ వీలు దొరకదు.

చాలా 110 సీసీ స్కూటీలకు బెల్ట్ 20 వేల నుంచి 24 వేల కిలోమీటర్ల మధ్య మార్చాలి. మీ బండి పుస్తకంలో ఎంత రాసి ఉంటే అదే లెక్క. అయితే మీటరు ఒక్కటే చూస్తే చాలదు. బండి కదిలేటప్పుడు వణుకుతున్నా, రేజ్ పెరిగినంతగా వేగం పెరగకపోయినా, ఎడమ పక్క కవర్‌లోంచి కీచుమని చప్పుడో కాలిన రబ్బరు వాసనో వస్తున్నా కవర్ తీసి చూడాల్సిందే. "అన్నా, బండి గుంజుతలేదు" అని షెడ్డుకు వచ్చే బండ్లలో కొన్నింటికి కార్బొరేటర్ విప్పుతారు, ప్లగ్ మారుస్తారు, బెల్ట్‌ను మాత్రం చూడరు. ముందు బెల్ట్ చూడమని మీరే అడగండి.

బెల్ట్ బయటికి తీశాక పళ్ల మొదళ్లలో పగుళ్లు, అంచుల్లో దారాలు లేచి ఉన్నాయేమో చూడాలి. ఆ తర్వాత సన్నటి కొలతలు తీసే వెర్నియర్‌తో వెడల్పు కొలవాలి. పైకి బాగానే కనిపించినా కొత్తదానికంటే ఒక మిల్లీమీటరు పైన అరిగి ఉంటే ఆ బెల్ట్‌ను వానకాలానికి నమ్మొద్దు. బెల్ట్ ముందూ వెనకా ఒక్కో పుల్లీ మీద, అంటే రెండేసి ప్లేట్ల మధ్య తిరుగుతుంది. వెడల్పు తగ్గిన బెల్ట్ ముందు పుల్లీ అంచుదాకా ఎక్కలేదు కాబట్టి పై వేగం కూడా తగ్గుతుంది.

కొనేటప్పుడు బండి మోడల్‌తో పాటు తయారైన సంవత్సరం కూడా చెప్పి, పార్ట్ నంబరు సరిచూసి, బిల్లుతో తీసుకోండి. పేరు ఒకటే అయినా మోడల్ మారితే బెల్ట్ కొలత మారవచ్చు. నకిలీ బెల్ట్‌కు డబ్బు మిగిలినట్టే కనిపిస్తుంది కానీ లోపలి దారం బలహీనంగా ఉంటుంది. కొత్త బెల్ట్‌ను మడిచి డిక్కీలో కుక్కొద్దు, లోపలిది బయటికి తిప్పి చూడొద్దు. బలమంతా ఆ దారాల్లోనే ఉంది, అవి ఒకసారి విరిగితే పైకి కనపడదు.

ఇక విప్పే పని. తాళం చెవి తీసేసి, ప్లగ్ క్యాప్ ఊడదీసి, ఇంజన్ పూర్తిగా చల్లారాకే కవర్ బోల్టులు విప్పాలి. కవర్ తీసి ఇంజన్ స్టార్ట్ చేసి చూపించడం చాలా షెడ్డుల్లో అలవాటు. దయచేసి ఒప్పుకోకండి. వెనక చక్రం ఆగి ఉన్నా, రేజ్ ఇవ్వకుండా ఐడిల్‌లో ఇంజన్ నడుస్తుంటే చాలు, బెల్ట్ తిరుగుతూనే ఉంటుంది. చున్నీ కొస, చీర కుచ్చిళ్లు, పిల్లల వేళ్లు అందులో పడితే వెనక్కి తీసుకునే సమయం ఉండదు. లోపల పేరుకున్న నల్లటి పొడిని నోటితో ఊదడం కూడా వద్దు. అది బెల్ట్ రబ్బరు, క్లచ్ షూల అరుగుదల కలిసిన పొడి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, తడిగుడ్డతో తుడవడం మేలు.

ముందు పుల్లీ నట్టు విప్పడానికి దాని బయటి ప్లేటుకు ఉండే ఫ్యాన్ రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ పెట్టి ఆపితే రెక్క విరుగుతుంది. పుల్లీని పట్టి ఉంచే హోల్డర్ గానీ నట్టు విప్పే ఎయిర్ గన్ గానీ ఉన్న షెడ్డుకే పోండి. వేరియేటర్‌ను, అంటే ముందు పుల్లీలో రోలర్లు ఉండే లోపలి సగాన్ని, బయటికి లాగేటప్పుడు దాని వెనక ప్లేటును వేలితో అదిమి పట్టుకోవాలి, లేకపోతే లోపలి రోలర్లు చెదిరి అడ్డంగా ఇరుక్కుంటాయి. రోలర్లు ఒక పక్క చదునుగా అరిగి ఉంటే బెల్ట్‌తో పాటే మార్చేయండి. పాత రోలర్లతో కొత్త బెల్ట్ సాఫీగా ఎక్కదు, దిగదు. వెనక క్లచ్‌లో పెద్ద స్ప్రింగును అదిమి పట్టి ఉంచే వెడల్పాటి నట్టు ఒకటి ఉంటుంది. సరైన కంప్రెసర్ టూల్ లేకుండా దాన్ని విప్పితే స్ప్రింగు మొహం మీదికి ఎగురుతుంది. చాలా బండ్లకు బెల్ట్ మార్చడానికి ఆ నట్టు జోలికి పోవాల్సిన పనే లేదు.

బిగించేటప్పుడు జరిగే ఒక తప్పు వల్లే చాలా బండ్లు పాడవుతాయి, దీన్ని దగ్గరుండి చూసుకోండి. వెనక పుల్లీ రెండు ప్లేట్లను విడదీసి బెల్ట్‌ను లోతుగా నొక్కితేనే ముందు వైపు బెల్ట్ వదులవుతుంది. అలా నొక్కకుండా ఫ్యాన్ ప్లేటు పెట్టి నట్టు బిగిస్తే, బెల్ట్ రెండు ప్లేట్ల మధ్య నలుగుతుంది. నట్టు గట్టిగా బిగిసినట్టే అనిపిస్తుంది కానీ ప్లేటు షాఫ్టు మీద పూర్తిగా కూర్చోదు. బండి నడిచి బెల్ట్ సర్దుకున్నాక నట్టు వదులై, ప్లేటు లోపల షాఫ్టును పట్టుకునే గాడులు అరిగిపోతాయి. అప్పుడు బెల్ట్ ఒక్కటే కాదు, ముందు పుల్లీ సెట్టు కూడా మార్చాలి. చేత్తో నట్టు పెట్టాక పుల్లీని కొన్ని చుట్లు తిప్పి, బెల్ట్ ఎక్కడా నలగడం లేదని చూసి, ఆ తర్వాతే, ఎంత బిగువు కావాలో అంతే బిగించే టార్క్ రెంచితో బిగించాలి.

పుల్లీల ముఖాల మీద నూనె, గ్రీజు, వేలి జిడ్డు ఉండకూడదు. బ్రేక్ క్లీనర్‌తో తుడిచి ఆరబెట్టాలి. బెల్ట్ మీద బాణం గుర్తు ఉంటే అది తిరిగే దిక్కుకే ఉండాలి. కవర్ అంచున సందు మూసే గాస్కెట్ చిరిగి ఉంటే మార్చకుండా మూయొద్దు. వానకాలంలో నీళ్లు ఆ సందులోంచే లోపలికి దూరతాయి.

బెల్ట్ మార్చిన రోజే ముగ్గురు ఎక్కి ఊరికి బయలుదేరడం మామూలైపోయింది. కొత్త బెల్ట్ పక్కల మీద అచ్చులోంచి వచ్చిన పూత, సన్నటి గరుకు ఉంటాయి. అవి పుల్లీ ముఖాలకు సరిగ్గా ఒదిగేదాకా పట్టు సమంగా ఉండదు. ఆ సమయంలో ఫుల్ రేజ్ ఇస్తే బెల్ట్ జారుతుంది, జారితే వేడెక్కుతుంది, వేడెక్కితే పక్కలు గట్టిపడి అద్దంలా నునుపెక్కుతాయి. ఇక దాని జీవితమంతా జారుతూనే ఉంటుంది. మంచు ప్రాంతాల్లో తిరిగే స్నోమొబైల్ కూడా ఇదే రకం బెల్ట్‌తో నడుస్తుంది. కొత్త బెల్ట్‌కు మొదటి 50 కిలోమీటర్లు గట్టి రేజ్, బరువు లాగడం, ఎక్కువ వేగం వద్దని వాటి పుస్తకాల్లో రాస్తారు. మన ఎండకు, మన బరువులకు నేను ఆ లెక్కను రెట్టింపు చేయమంటాను.

ఆ 100 కిలోమీటర్లు ఒక్కరే నడపండి. పొద్దున్నే నర్సంపేట రోడ్డు లాంటి చోట 20 నుంచి 45 మధ్య వేగం పెంచుతూ తగ్గిస్తూ పొండి, ఒకే వేగంతో సాగదీయొద్దు. ఆగిన చోటు నుంచి మెల్లగా కదలండి. ఎత్తులో బ్రేక్ బదులు రేజ్‌తో బండిని నిలబెట్టే అలవాటు ఉంటే ఇప్పుడే మానేయాలి. ఒక్కో యూరియా బస్తా 45 కిలోలు. రెండు బస్తాలు, వెనక ఒక మనిషి అంటే కొత్త బెల్ట్‌కు అది శిక్షే. ఆ వారం బస్తాలకు ఆటో మాట్లాడుకోండి.

చివరగా వరద నీళ్ల మాట. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్, హన్మకొండల్లో హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు నీళ్లు ఎలా చేరాయో మనందరం చూశాం. నీటి లోతు ఫుట్‌బోర్డు దాకా ఉందనిపిస్తే బండి దించకండి. కొద్దిగా తడిసి బెల్ట్ జారుతుంటే రేజ్ పెంచొద్దు, నెమ్మదిగా నడిపితే అదే ఆరుతుంది. బండి మునిగిందంటే మాత్రం సెల్ఫ్ కొట్టొద్దు, కిక్ కూడా కొట్టొద్దు. షెడ్డుకు తోసుకెళ్లి, ఇంజన్, సైలెన్సర్‌తో పాటు ఎడమ కవర్ కూడా తీయించి, బురద కడిగించి, పుల్లీలు, బెల్ట్ పూర్తిగా ఆరాకే మూయించండి. బురద నీళ్ల ఇసుక లోపల మిగిలితే నెల కింద వేసిన బెల్ట్ అయినా పక్కలు తినేస్తుంది.