స్టాకింగ్స్, ఇసుక, కాంటాక్ట్ మైకు: సెంగా నెంగూడి పద్ధతిలో ఒక చిన్న ప్రదర్శన

నల్లజాతి అమెరికన్ కళాకారిణి సెంగా నెంగూడి 1975 నుంచి వాడేసిన నైలాన్ స్టాకింగ్స్‌లో ఇసుక నింపి, గోడలకు లాగి కట్టేవారు. కాన్పుకు సాగి, తర్వాత మళ్ళీ దగ్గరపడే ఆడవాళ్ళ ఒంటిని ఆమె ఆ నైలాన్‌లో చూశారు. ఆమె తోటి కళాకారిణి మారెన్ హాసింజర్ ఆ సాగదీసిన స్టాకింగ్స్ మధ్యలో దూరి, చుట్టుకుని, లాగుతూ కదిలేవారు. ఆ పద్ధతికి కాస్త శబ్దం చేర్చి, తిరుపతిలో ఒక మిద్దె గదిలో చేసుకునే తీరు ఇది.

ముందు ఒక మాట. మన గంగమ్మ జాతరలో తోటి వేషానికి ఒళ్ళంతా బొగ్గు పూసుకోవడం మొక్కు. ఇక్కడ మాత్రం బొగ్గు జోలికి పోవద్దు. 19వ శతాబ్దంలో తెల్ల నటులు కాల్చిన కార్కు మసి మొహానికి పూసుకుని నల్లవాళ్ళను వెక్కిరిస్తూ ఆడేవాళ్ళు, ఈ కళలో మసి అంటే ఆ అవమానమే. చేసే అమ్మాయి నల్లజాతి స్త్రీగా నటించకూడదు. పెళ్ళిచూపుల్లో రంగు గురించి పడిన మాటో, కాన్పయ్యాక జారిన పొట్టో, తనదే తేవాలి. అది వాళ్ళ చరిత్రకు సమానం అనుకోకూడదు కూడా.

స్టాకింగ్స్ ఐదు జతలు కావాలి, తొడిగి వదిలేసినవైతే మేలు. 15 డెనియర్‌వి (డెనియర్ అంటే దారం ఎంత మందమో చెప్పే కొలత) ఊరికే చిరుగుతాయి, 40 వాడండి. కొట్లో 'స్కిన్ కలర్' అని ఇచ్చేది ఇక్కడ చాలామంది చర్మం రంగు కాదు. లీటరు వేడి నీళ్ళలో నాలుగు చెంచాల టీపొడి, రెండు చెంచాల వెనిగర్ వేసి ఇరవై నిమిషాలు ముంచితే గోధుమ రంగు పడుతుంది.

ఇసుక కడిగి, ఎండబెట్టి, జల్లించండి. సన్న పొడి నైలాన్ కన్నాల్లోంచి కారి టైల్స్ మీద పడితే ఒట్టి కాళ్ళు జారతాయి. పాదం కొసలో ముప్పావు కిలో చాలు, రెండు పొరలు తొడిగి నింపండి. ఎక్కువ పోస్తే బరువుకు కుట్టు దగ్గరే తెగుతుంది.

కట్టడమే అసలు పని. నైలాన్‌కు నేరుగా ముడేస్తే అక్కడి నుంచే చీలిక పరుగెడుతుంది. లోపల ఒక గోలీ పెట్టి, దాని మెడ దగ్గర బయటి నుంచి పురికొస బిగించి, ఆ పురికొసను కిటికీ చువ్వకు కట్టండి. గోడకు మేకు కొడితే పెచ్చులూడుతుంది. అసలు పొడవుకు రెండింతలు దాటి లాగొద్దు. నైలాన్ కాసేపటికి తనంతట తనే జారుతుంది కాబట్టి మూడు గంటల ముందే కట్టి, ఆఖర్లో మళ్ళీ బిగించాలి. చీలిక మొదలైతే గోళ్ళరంగు చుక్క పెడితే ఆగుతుంది.

శబ్దానికి 27 మిల్లీమీటర్ల పీజో బిళ్ళ, అంటే తాకిన వస్తువు అదురును శబ్దంగా పట్టే కాంటాక్ట్ మైకు. మధ్య తెల్ల భాగానికి సిగ్నల్ తీగ, ఇత్తడి అంచుకు షీల్డు తీగ (కేబుల్‌లో చుట్టూ ఉండే బయటి తీగ). సోల్డరింగ్ రెండు సెకన్లలో ముగించండి, ఆలస్యమైతే తెల్ల భాగం మీది వెండిపూత లేచిపోతుంది. బిళ్ళను నైలాన్‌కు అంటిస్తే ఏమీ వినపడదు, మెత్తటి గుడ్డ కదలికను మింగేస్తుంది. ముడి వేసిన చువ్వకు, మధ్యలో టేపు పొర వేసి, గట్టిగా అంటించండి. అప్పుడు ప్రతి లాగుడూ మూలుగులా వస్తుంది. మామూలు మైకు సాకెట్‌లో పెడితే డబ్బా మోతలా పలచగా ఉంటుంది, పీజోకు ఒక మెగా ఓమ్ దాకా నిరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి. గిటార్ ఆంప్లిఫయర్ సరిపోతుంది. స్పీకరు చువ్వకు దగ్గరగా ఉంటే కూత మొదలవుతుంది, అవతలి గోడకు జరపండి.

ప్రదర్శన పన్నెండు నిమిషాలు దాటనివ్వకండి. లాగడం, బరువు ఆన్చడం, వదలడం, ఈ మూడే. మెడకు మాత్రం ఎప్పుడూ చుట్టొద్దు. గొంతు కలపాలనుకుంటే, 1960లో జాజ్ డ్రమ్మర్ మ్యాక్స్ రోచ్ రికార్డింగులో గాయని అబ్బీ లింకన్ మాటల్లేకుండా మూలుగు నుంచి కేక దాకా ఎలా వెళ్ళారో ముందు వినండి. ఆ కేకను అనుకరిస్తే తేలిపోతుంది. ఒక ఊపిరికి ఒక స్వరం, అంతకంటే వద్దు.

పోస్టరు మీద నెంగూడి, హాసింజర్ పేర్లు మీ పేరుకంటే ముందుండాలి. అయిపోయాక చూసినవాళ్ళను కూడా లాగనివ్వండి, వాల్యూమ్ సగానికి తగ్గించి. పిల్లలుంటే కింది ముడులు ముందే విప్పేయండి.